ఒక రాత్రి బస, నలభై మంది పిల్లలు: సాగర్, భువనగిరి, నల్లమల, సోమశిలల్లో మీ బడికి ఏది?

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఒక రాత్రి బసకు తీసుకెళ్దామని బడిలో మాట రాగానే వినిపించే పేర్లు దాదాపు ఇవే: నాగార్జునసాగర్, భువనగిరి గుట్ట, నల్లమలలో మన్ననూర్, కొల్లాపూర్ దగ్గర సోమశిల, లేదంటే హైదరాబాద్ చుట్టుపక్కల ప్రైవేటు అడ్వెంచర్ క్యాంపు. ఇంకో దారి కూడా ఉంది, చాలా బడులు దాన్ని లెక్కలోకే తీసుకోవు: సొంత బడి ఆవరణలోనే రాత్రి క్యాంపు. వీటిలో ఏదీ అన్ని బడులకూ నప్పదు. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఏది నప్పుతుందో తేల్చే ప్రశ్నలు రెండు. ఆ ఆటకు వాళ్ల ఒళ్లు సరిపోతుందా? రాత్రి పదకొండింటికి ఎవరికైనా బాగా లేకపోతే ఎంతసేపట్లో డాక్టరు ముందుంటాం? అక్కడ ఎన్ని రకాల ఆటలున్నాయన్నది ఆ తర్వాతే చూడాలి.

ముందు తూకం, తర్వాత లెక్క

స్థలం చూడకముందే పిల్లల్ని తూచండి. బడిలో మిషన్ లేకపోతే అంగన్‌వాడీలోనో, ఏఎన్‌ఎం దగ్గరో దొరుకుతుంది. మన పల్లె బడుల్లో నాలుగో తరగతి పిల్లలు చాలామంది 22 నుంచి 28 కిలోల మధ్యే ఉంటారు. జిప్‌లైన్ (పట్టీ కట్టి తీగ మీద జారించే ఆట) నడిపేవాళ్లు మాత్రం 25 అనో, 30 అనో, ఇంకా ఎక్కువో కనీస బరువు పెట్టుకుంటారు. అది ఊరికే పెట్టిన నియమం కాదు. బక్క పిల్లకు వేగం సరిపోక తీగ మధ్యలో, కిందికి వంగిన చోట ఆగిపోతుంది. అప్పుడు సిబ్బందిలో ఒకరు తీగ పట్టుకుని పాకుతూ వెళ్లి లాక్కురావాలి. ఆ పది నిమిషాలు పిల్ల గాల్లో వేలాడుతూ ఏడుస్తుంది, మిగతా క్లాసంతా కిందనుంచి చూస్తుంది. సగం మందిని ఎక్కించి సగం మందిని పక్కన కూర్చోబెట్టే ఆట ఎంత గొప్పదైనా ఈ వయసు యాత్రకు పనికిరాదు. తూచేటప్పుడు బరువు గట్టిగా చదవకండి, చీటీ మీద రాసుకుంటే చాలు.

రెండోది సమయం లెక్క. గుట్ట ఎక్కించడం, తాడు పట్టుకుని దిగడం, జిప్‌లైన్ లాంటి ఆటల్లో ఒక్కో పిల్లకు పట్టీలు కట్టి, ఎక్కించి, దించి, విప్పేసరికి ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. నలభై మందికి ఒకే తాడుంటే పదేసి నిమిషాల చొప్పున 400 నిమిషాలు, అంటే ఆరు గంటల 40 నిమిషాలు. మూడు తాళ్లుంటే రెండుంబావు గంటలు. నిర్వాహకులు ‘ఆరు రకాల ఆటలు’ అన్నప్పుడు ఎన్ని తాళ్లు, ఎంతమంది శిక్షకులు, ఎన్ని గంటలు అని అడిగి మీరే భాగించి చూడండి. చాలా ప్యాకేజీల్లో పిల్లలు ఎక్కేది ఒకసారి, మిగిలిన టైమంతా లైన్లో నిలబడటం. ఎండలో లైన్లో నిలబడ్డ పిల్లలే తోసుకుంటారు, రాళ్లు విసురుకుంటారు, కళ్లు తిరిగి పడతారు. అందుకే క్లాసును మూడు గుంపులు చెయ్యాలి: ఒక గుంపు తాడు దగ్గర, ఒకటి నీడలో ముడులు నేర్చుకుంటూ, ఒకటి నడకలో.

నాగార్జునసాగర్: మొదటిసారి వెళ్లే బడికి

రాత్రి బస కొత్త అయిన బడి సాగర్‌తోనే మొదలుపెట్టడం మంచిది. నల్లగొండ నుంచి హాలియా మీదుగా రెండు గంటల లోపే చేరొచ్చు, ఘాట్ మలుపులు లేవు, హిల్ కాలనీలోనే కమలా నెహ్రూ ఏరియా ఆసుపత్రి ఉంది. అన్నిటికన్నా పెద్ద సుగుణం ఆ ఆసుపత్రే. పాలమూరు వైపు బడులకు మాత్రం దూరం బాగా పెరుగుతుంది, ఉదయమంతా బస్సులోనే గడిచిపోతుంది.

పిల్లలకు చూపించడానికి ఇక్కడ చాలా ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాం, దానికి 26 గేట్లు, నిండు నీటిమట్టం 590 అడుగులు. ఐదో తరగతి పిల్లలకు అడుగులు, మీటర్ల లెక్క నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. 274 ఎకరాల్లో 2022లో తెరిచిన బుద్ధవనంలో మ్యాపు చేతికిచ్చి నలుగురేసి గుంపులుగా గుర్తులు వెతికే ఆట ఆడించొచ్చు. అయితే అక్కడ నడక ఎక్కువ, నీడ తక్కువ. ఉదయం పదిన్నరకల్లా ముగించాలి, లేదా సాయంత్రం మూడున్నర తర్వాత మొదలుపెట్టాలి.

నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్లాలి, ఒకవైపే దాదాపు గంట ప్రయాణం. మ్యూజియానికి శుక్రవారం సెలవు. గురువారం బయల్దేరి శుక్రవారం లాంచీ ఎక్కేలా ప్లాన్ చేసుకున్న బడులు రేవు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంటాయి. ఇంకో సంగతి: కుడి గట్టు, అనుపు, ఎత్తిపోతల జలపాతం ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లాలోకి వస్తాయి. బస్సు అటు దాటాలంటే ఆ రాష్ట్రం పర్మిట్ ముందే తీసుకోవాలి. డ్రైవరు ‘ఏం కాదు సార్’ అన్నా కాగితం చూపించమనండి.

సాగర్‌లో తాడు ఆటలు ఉండవు కదా అని కొందరు తీసిపారేస్తారు. పదేళ్ల పిల్లకు సాహసమంటే టెంటు తానే వేసుకోవడం, చీకట్లో టార్చితో నడవడం, తన కంచం తానే కడుక్కోవడం కూడా. వీటికి శిక్షకుడు కావాలంటే జిల్లా భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వాళ్లను అడగండి. అయిదు నుంచి పదేళ్ల పిల్లల కోసమే వాళ్లకు కబ్, బుల్‌బుల్ విభాగాలున్నాయి. ముడులు, టెంటు వేయడం, దిక్సూచి నేర్పే మాస్టర్లు అక్కడ దొరుకుతారు.

బస విషయంలో ఒక జాగ్రత్త. హోటల్ గదులు శుభ్రంగా ఉంటాయి కానీ, పిల్లలు ముగ్గురు నలుగురేసి విడిపోయి లోపల గడియ పెట్టుకుంటారు. రాత్రి ఒకరికి వాంతి అయినా పక్క గదిలోని టీచరుకు తెలియదు. ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి, రెండు పెద్ద హాళ్లు దొరికితే గదులకన్నా అవే మేలు. గదులే గతి అయితే లోపలి గడియలకు ముందే దారం చుట్టి పడకుండా చెయ్యండి, వరండాలో టీచర్లు వంతులవారీగా మేలుకోండి.

డ్యాం కింద నదిలో పిల్లల్ని దింపొద్దు. బండల మధ్య మోకాలి లోతే కనిపిస్తుంది, కానీ కరెంటు తయారీకి నీళ్లు వదిలితే మట్టం నిమిషాల్లో లేస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయింది ఇలా పైనున్న డ్యాం నుంచి నీళ్లు వదిలినప్పుడే. వాళ్లు పెద్దవాళ్లు, అయినా గట్టుకు చేరలేకపోయారు.

భువనగిరి: గుట్ట ఎక్కడమే కావాలంటే

నిజమైన రాక్ క్లైంబింగ్ కావాలంటే మన దగ్గర భువనగిరిని మించింది లేదు. ఒకే రాయి, 500 అడుగులకు పైగా ఎత్తు, దాని మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడ్డ కోట. గుట్ట కిందే క్లైంబింగ్ స్కూలు ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట తాడు పట్టింది ఇక్కడే. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు, వెనక నెలల తరబడి శిక్షణ ఉంది. ఆ కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి. కానీ దాన్ని చూపించి నాలుగో తరగతిని పైదాకా ఎక్కిస్తామనే నిర్వాహకుణ్ని నమ్మొద్దు. ఈ వయసుకు 20 నుంచి 30 అడుగుల ఏటవాలు బండ చాలు, పైనుంచి తాడు బిగించి ఉండాలి. వాలు బండ మీద చేతిబలం కన్నా పాదం పట్టు ముఖ్యం కాబట్టి బక్క పిల్లలే ముందు ఎక్కేస్తారు. తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్ల పైకెళ్లి చెయ్యి ఊపడం ఇక్కడ తరచూ జరిగేదే. నాలుగింటిలో ఒక్క ఆటనే ఎంచుకోమంటే మేం దీన్నే ఎంచుకుంటాం.

అక్కడ టీచరు తన కంటితో, చేత్తో చూడాల్సినవి కొన్నున్నాయి. శిక్షకులు చూస్తారు కదా అని దూరంగా కూర్చోవద్దు.

పట్టీ సంగతి మొదట. నడుముకూ తొడలకూ మాత్రమే కట్టే హార్నెస్ పెద్దల కోసం. పదేళ్లలోపు పిల్లలకు నడుము ఎముకలు ఇంకా వెడల్పవవు, తలకిందులైతే పట్టీ తుంటి మీంచి జారిపోతుంది. భుజాల మీదుగా వచ్చే పూర్తి పట్టీ కావాలి. 40 కిలోల లోపు వాళ్ల కోసం చేసిన చిన్న సైజులు ఉంటాయి, అవి ఎన్నున్నాయో ఫోన్లోనే అడగండి. కట్టాక తొడ పట్టీ కింద మీ రెండు వేళ్లు బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. పాతరకం బకిల్ అయితే పట్టీ కొస తిరిగి వెనక్కి వచ్చి దూరిందో లేదో చూడండి. ఒక్కసారే దూర్చి వదిలేసిన పట్టీ బరువు పడగానే జారుతుంది. ఫ్రాకుతో, పావడాతో వచ్చిన పిల్లకు తొడ పట్టీ సరిగా కుదరదు, ఆ రోజు అందరికీ ప్యాంటో లెగ్గింగో ఉండాలి.

హెల్మెట్ పెట్టి గడ్డం పట్టీ బిగించాక తల అడ్డంగా, నిలువుగా ఊపమనండి. కళ్ల మీదికి జారినా, నుదురు బయటపడేలా వెనక్కి పోయినా అది ఆ పిల్లకు పెద్దది. రెండు జడలున్న పిల్లలకు జడలు కిందికి దించి కట్టాలి, పైన క్లిప్పులుంటే తీసెయ్యాలి. మెడలో దండలు, చేతికి గాజులు, కాళ్లకు పట్టీలు ఉంటే గుట్ట దగ్గరికి రాకముందే తీయించి కవర్లో పేరు రాసి పెట్టండి.

తాడు కట్టేది ఎనిమిది అంకెలా కనిపించే ముడి. చివర జానెడు తాడు మిగలాలి. కొక్కేనికి తగిలిస్తే దాని మర తిప్పి మూసి ఉండాలి, నొక్కి చూస్తే తెరుచుకోకూడదు. పైన తాడు కట్టిన చోటు ఒక్కటే అయితే ఎక్కించొద్దు. వేర్వేరు బోల్టులు రెండు ఉండాలి, ఒకటి పోయినా రెండోది పట్టుకునేలా. కింద తాడు పట్టుకున్న మనిషి ఫోను చూస్తుంటే ఆట ఆపమని చెప్పే అధికారం టీచరుకుంది.

చలికాలంలో ఉదయం ఏడు నుంచి పది దాకా ఎక్కించండి. పదకొండు దాటితే బండ కాలుతుంది, పిల్లలు అరచేతులు ఆనించలేరు. వాన పడిన రోజు గ్రానైట్ సబ్బులా జారుతుంది, ఆ రోజు ఎక్కడం రద్దు. ఎండాకాలం మొదలయ్యాక, అంటే మార్చి నుంచి, ఇక్కడికి ఆలోచించకండి. రాతి గుట్టల చెరియల్లో పెద్ద తేనెపట్టులు ఉంటాయి. ముందురోజు ఒకరు వెళ్లి చూడాలి, అగరుబత్తి, సెంటు, పొగ దగ్గరికి రానీయకూడదు. కోతులకు తిండి కవర్లు కనపడకూడదు.

మెట్లదారి పట్టుకుని కోట మొదటి దర్వాజాల దాకా నడక పెట్టుకోవచ్చు. పైదాకా మాత్రం వద్దు, బండ అంచుల్లో పిట్టగోడ లేని చోట్లున్నాయి. రాత్రి బస భువనగిరిలోనో, యాదగిరిగుట్టలోనో చూసుకోవాలి. భువనగిరిలో జిల్లా ఆసుపత్రి, కొంచెం దూరంలో బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నాయి. వైద్యం దగ్గర ఈ చోటుకు సాటి లేదు.

నల్లమల: రెండో మూడో యాత్రకు

అచ్చంపేట దాటి మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ టైగర్ రిజర్వు మొదలవుతుంది. పాలమూరు వైపు పిల్లలకు ఇది మన అడవి, చూపించాల్సిందే. కానీ రాత్రి బసకు మొదటి ఎంపిక చేసుకోవద్దు. లోపల చాలాచోట్ల ఫోను సిగ్నల్ అందదు, దగ్గరి పెద్దాసుపత్రి అచ్చంపేటలో ఉంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో బండ్లు తిరగనీయరు. బస మన్ననూర్‌లోనే, చెక్‌పోస్టుకు అచ్చంపేట వైపే ఉండేలా చూసుకోండి. లోపల బస పెట్టుకుని అర్ధరాత్రి గేటు తీయించుకోవడం కష్టం.

అటవీశాఖ సఫారీ బండ్లలో కొద్దిమందే పడతారు. నలభై మందిని తిప్పాలంటే ఎన్ని విడతలో ముందే మాట్లాడుకోవాలి. వానాకాలం మూడు నెలలు, జులై నుంచి సెప్టెంబర్ దాకా, పులుల అడవుల్లో సఫారీలు ఆపుతారు. ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది కాబట్టి నీళ్ల పౌచులు, చిప్స్ ప్యాకెట్లు కాకుండా స్టీలు బాటిళ్లు, డబ్బాల్లో మురుకులు పెట్టుకెళ్లాలి.

ఇక్కడ పిల్లలకు నచ్చేది చెంచు పెద్దమనిషి వెంట ఒకటి రెండు కిలోమీటర్ల నడక. ఏ చెట్టు జిగురు తీస్తారు, ఏ గడ్డ తవ్వుతారు, ఎలుగుబంటి గోళ్ల గీత ఎలా ఉంటుంది, ఇవన్నీ వాళ్లు చూపిస్తే పిల్లలు కదలకుండా వింటారు. దాన్ని అటవీశాఖ ద్వారానే ఏర్పాటు చేసుకుని ఆయనకు కూలి ఇవ్వండి. చెంచు పెంటల్లోకి, అంటే వాళ్ల గూడేల్లోకి, వెళ్లి ఇళ్ల ముందు ఫొటోలు దిగే కార్యక్రమం మాత్రం వద్దు. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం అందమైన చోటే, కానీ వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి, కింద మడుగు లోతు, రాళ్లు పాచి పట్టి ఉంటాయి. ఈ వయసు పిల్లలతో దాన్ని వదిలేయమనే చెబుతాం.

బస్సులో వాంతులు ఈ దారిలో తప్పవు. పొద్దున పూరీలు పెట్టకండి. ఇడ్లీనో, ఉప్మానో కొంచెం పెట్టి, పడనివాళ్లను ముందు సీట్లలో కూర్చోబెట్టండి. మాత్రలు తల్లిదండ్రులు డాక్టరు చీటీతో ఇచ్చినవే వేయాలి.

సోమశిల: చూడటానికి బాగుంటుంది, పడవ దగ్గర ఆగండి

కొల్లాపూర్ నుంచి పావుగంటలో కృష్ణ వెనక జలాలు. శ్రీశైలం డ్యాం నిండు మట్టం 885 అడుగుల దగ్గరుంటే సోమశిల దగ్గర సముద్రంలా కనిపిస్తుంది. నిండుగా ఉండేది మామూలుగా వానాకాలం చివరి నుంచి చలికాలం మొదలయ్యే దాకా. ఎండాకాలానికి నీళ్లు దూరం జరిగి గట్టుకూ నీటికీ మధ్య బురద మిగులుతుంది. పర్యాటక శాఖ కాటేజీలున్నాయి, సోమేశ్వరాలయం పక్కనే. బస బాగుంటుంది. సమస్యల్లా పిల్లలందరి కళ్లూ పడవ మీదే ఉండటం.

2024 జనవరి 18న గుజరాత్ వడోదరలోని హర్ని చెరువులో బడి యాత్రకు వచ్చిన పిల్లలెక్కిన పడవ బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పట్టాల్సినంత కన్నా ఎక్కువ మందిని ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. అది పెద్ద నది కూడా కాదు, ఊరి మధ్య చెరువు. కాబట్టి పడవ ఎక్కే ముందు దాని మీద రాసిన సంఖ్య చూడండి, ఆ లెక్కలో డ్రైవరు, సహాయకుడు కూడా ఉంటారు. ఇద్దరు పిల్లలు ఒక పెద్దమనిషితో సమానం అనే లెక్క ఎవరైనా చెబితే దిగిపోండి. జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. చెవుల దాకా లేస్తే నీళ్లలో అది పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్న చిన్న సైజు జాకెట్లే ఈ వయసుకు సరైనవి. మీ పిల్లల సంఖ్యకు చిన్న జాకెట్లు లేకపోతే పడవ లేదు, అంతే. చేపలు పట్టేవాళ్ల గుండ్రటి పుట్టి పడవ సరదాకైనా ఎక్కించొద్దు.

పుష్కర ఘాట్ల మెట్లలో నీటి అంచునున్న రెండు మూడు మెట్లు పాచితో ఉంటాయి. పిల్లలు జారేది నది మధ్యలో కాదు, కాళ్లు కడుక్కోవడానికి దిగిన అక్కడే. పొడి మెట్టు మీద సున్నంతో గీత గీసి, అది దాటొద్దని చెప్పి, ఒక టీచరు ఆ గీత మీదే నిలబడాలి.

ప్రైవేటు క్యాంపు, సొంత బడి

హైదరాబాద్ చుట్టూ ఉన్న క్యాంపుల్లో అన్నీ ఒకేచోట దొరుకుతాయి: వల ఎక్కడం, బర్మా బ్రిడ్జి (తాళ్ల వంతెన), జిప్‌లైన్, టెంట్లు, భోజనం. టీచర్లకు శ్రమ తక్కువ. ఖర్చు మాత్రం తలకింత అని వసూలు చేస్తారు, అందుకే పేద పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఈ యాత్రల్లోనే. శిక్షకుల సర్టిఫికెట్లు, తాళ్లు ఎప్పుడు కొన్నారో రాసిన రిజిస్టరు, రాత్రి ఉండే సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ కాగితం, ఈ మూడూ అడగండి. తాడు కొన్న ఏడాది చెప్పలేని చోట తాడు ఆట వద్దు. ఎండకు ఆరేసినట్టు పడి ఉన్న తాళ్లు పైకి బాగానే కనిపిస్తాయి, లోపల నూలు చచ్చిపోయి ఉంటుంది.

మూడో తరగతి, అంతకన్నా చిన్న పిల్లలకైతే బడి ఆవరణే సరైనది. మహబూబ్‌నగర్ బడులకు అప్పన్నపల్లి దగ్గర మయూరి పార్కులో పగలంతా ఆడించి, పొద్దుగూకేసరికి బడికి తిరిగొచ్చి టెంట్లు వేసుకోవచ్చు. ఊరి దగ్గర్లోనే పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది. 2017 డిసెంబర్‌లో కొమ్మ విరిగిపడ్డాక ఆ చెట్టుకు సెలైన్ ఎక్కించి చెదలు వదిలించిన కథ పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. నల్లగొండ వాళ్లకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, ఉదయసముద్రం గట్టు మీద నడక అలాగే కుదురుతాయి. రాత్రి ఇంటికి బెంగపడే పిల్లను నాన్న వచ్చి పది నిమిషాల్లో తీసుకెళ్లొచ్చు. వచ్చే ఏడాది సాగర్‌కు ఎవరెవరు రాగలరో ఈ రాత్రే తెలిసిపోతుంది.

ఏది ఎంచుకున్నా ఇవి తప్పవు

నవంబర్ రెండో వారం నుంచి సంక్రాంతి సెలవుల ముందు దాకా మంచి కాలం. ఎండ కాయదు, జలాశయాల్లో నీళ్లుంటాయి. రాత్రి చలి గట్టిగానే ఉంటుంది, దుప్పటి, స్వెటరు, మంకీ క్యాపు ప్రతి పిల్లకూ ఉన్నాయో లేదో వారం ముందే చూడండి, లేనివాళ్లకు బడే సర్దాలి.

ఎనిమిది మందికి ఒక పెద్ద. నలభై మందికి ఐదుగురు, పైన ఆరో మనిషి ఏ గుంపూ లేకుండా ఖాళీగా ఉండాలి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఆ మనిషి వెళతారు, మిగతా ఐదు గుంపులూ కదలవు. ఈ ఆరో మనిషిని ఖర్చని తీసేసిన చోటే అంతా తలకిందులవుతుంది. ఆడపిల్లలున్నప్పుడు టీచరమ్మలు కనీసం ఇద్దరు, ఐదో తరగతి పిల్లల కోసం వాళ్ల సంచిలో ప్యాడ్లు ఉండాలి.

తాగునీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్లు. పిల్లలు, పెద్దలు కలిపి 46 మందికి 138 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఏడు. ఫ్లోరైడ్ నీళ్లతో నల్లగొండ ఎంత బాధపడిందో ఇక్కడ అందరికీ తెలుసు, దారిలో బోరు కనిపించిందని బాటిళ్లు నింపొద్దు. రాత్రికి అన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, చారు చాలు. మధ్యాహ్నం వండిన కోడికూర రాత్రికి పెట్టడం వల్లే తెల్లారేసరికి పది మందికి విరేచనాలు పట్టుకునేది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇరవై దగ్గరుంచుకోండి.

మరుగుదొడ్లు లెక్కపెట్టండి. పొద్దున ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, నాలుగుంటే నలభై మందికి యాభై నిమిషాలు, రెండే ఉంటే గంటా నలభై నిమిషాలు. రెండే ఉన్న చోట ఏడింటికి గుట్ట దగ్గరుంటామని రాసుకోవడంలో అర్థం లేదు. హాలు నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా లైటు వెలగాలి, లేకపోతే పిల్లలు బిగబట్టుకుని పక్క తడుపుతారు. అలా తడిపిన పిల్ల దుప్పటి ఎవరూ లేవకముందే మార్చేలా రెండు దుప్పట్లు అదనంగా పెట్టుకోండి.

బస్సు ఆరింటికి బయల్దేరి మర్నాడు చీకటి పడకముందే ఊరు చేరాలి. ఆర్టీసీ డిపోలో మాట్లాడితే అద్దె బస్సు ఇస్తారు. బడి సొంత బస్సయితే రూటు దాటడానికి తాత్కాలిక పర్మిట్ తీసుకోవాలి. డ్రైవరుకు మంచం, భోజనం మీరే ఏర్పాటు చేయండి. బస్సులోనే దోమల మధ్య పడుకున్న డ్రైవరు మర్నాడు మధ్యాహ్నం తిరుగుదారిలో కునుకు తీస్తాడు.

బడి కమిటీ తీర్మానం, ఎంఈఓ, డీఈఓ అనుమతి ముందుగా తీసుకోండి. అంగీకార పత్రంలో ఉబ్బసం, ఫిట్స్, పడని తిండి, రాత్రి పక్క తడిపే అలవాటు, ఈత వచ్చా రాదా, అన్నీ అడగాలి. పాలమూరు పల్లెల్లో అమ్మానాన్న పుణెకో ముంబైకో వలసపోయి పిల్ల నానమ్మ దగ్గరుండటం మామూలే. సంతకం నానమ్మది తీసుకున్నా, అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెప్పి, వాళ్ల నంబరుతో పాటు ఊళ్లో ఫోనెత్తే మనిషి నంబరు కూడా రాసుకోండి.

ఖర్చు మొత్తాన్ని నలభైతో భాగించకండి. డబ్బు కట్టలేని పిల్లలు ఆరుగురుంటే 34తో భాగించండి, ఆ ఆరుగురి పేర్లు హెచ్‌ఎం పుస్తకంలో తప్ప ఎక్కడా ఉండకూడదు. ఆ లెక్కకు తలకు పడే మొత్తం ఎక్కువనిపిస్తే చోటు మార్చండి, పిల్లల్ని తగ్గించొద్దు.

అడ్వాన్సు కట్టేముందు ఒక టీచరు ఆ చోటుకు వెళ్లి ఒక రాత్రి ఉండి రావాలి. పగలు చూసి వస్తే లైట్లు, దోమలు, పక్కనున్న ఫంక్షన్ హాలు డీజే, రాత్రి కాపలా మనిషి తాగుడు తెలియవు. వాన వల్ల గుట్ట ఎక్కడమో, గాలి వల్ల లాంచీయో ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది నోటిమాట కాకుండా రసీదు మీదే రాయించుకోండి. డబ్బు పోతుందన్న బెంగ ఉంటే, ఆ ఉదయం మబ్బు పట్టిన ఆకాశం చూసి కూడా టీచర్లు ‘కానియ్యండి’ అనేస్తారు.